క్రిస్మసు పండుగ: ఇంటి సంతోషము, ఇంటి శ్రమ

ఆంగ్లదేశమున క్రిస్మసు నాటి మధ్యాహ్న భోజనము ఎన్ని గంటలకు ముగియవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వంటయింటిలో గాక రేడియో కేంద్రమున నిర్ణయింపబడినదనిన పాఠకులకు ఆశ్చర్యము కలుగవచ్చును. 1932వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ఐదవ జార్జి చక్రవర్తి శాండ్రింగుహాము భవనమున మెట్లక్రింది చిన్న గదిలో కూర్చుండి, మైక్రోఫోను ముందు కొన్ని నిమిషములు మాట్లాడెను. ఆ మాటలను వ్రాసియిచ్చినవాడు రడ్యార్డు కిప్లింగు. ప్రసారమునకు మధ్యాహ్నము 3 గంటల వేళ నెన్నుకొనుటకు భక్తి గాని సంప్రదాయము గాని కారణము కాదు. ఆ వేళ ప్రసారము చేసినచో హ్రస్వతరంగములు దూరదేశములలో ఎక్కువమందికి అందగలవని ఇంజనీర్లు చెప్పిరి. అంతియే.

మరికొన్ని యేండ్లకే ఆ వేళ ఇంటింటి గడియారమును శాసింపనారంభించెను. ప్రసంగము వినవలెనన్న మూడు గంటలకు ముందే పుడ్డింగు తినుట ముగియవలెను. అందుకు ఒంటిగంటకే మాంసము కోసి వడ్డింపవలెను. అందుకు గృహిణి తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగింపవలెను. తరంగముల సౌకర్యమునకై ఏర్పడిన వేళ ఇరువది యేండ్లలో ఇంటి ఆచారమై కూర్చున్నది. 1969లో ఎలిజబెత్తు రాణి ప్రసంగము లేదని తెలిసి ప్రజలు కలతపడగా, ఆమె వ్రాతమూలకముగ సందేశము పంపవలసి వచ్చెను. 2022 నుండి ఆమె కుమారుడు మూడవ చార్లెసు రాజు ఆ ఆచారమును సాగించుచున్నాడు.

మేమీ చిన్న సంగతితో ఆరంభించుట ఊరక గాదు. క్రిస్మసు సంప్రదాయములలో పెక్కింటి చరిత్ర ఇట్టిదే. ఏదో యొక అవసరమునకై, పలుమారు ఎవరి శ్రమనో తగ్గించుటకై, ఒక ఏర్పాటు పుట్టును. ఒక తరము గడచునప్పటికి దానికి అనాది యను పేరు వచ్చును. మరియొక తరమునకు దానిని మానుట అపచారమగును. క్రీస్తు జననమును గూర్చిన మతవిషయమును మేమిచ్చట చర్చింపము. అది దేవాలయమునకు చెందినది. ఇంటిలో జరుగు పండుగను గూర్చియే, అందును ఆ పండుగకు ఇప్పటి రూపమును చాలవరకు ఇచ్చిన ఆంగ్లదేశపు ఇంటిని గూర్చియే చెప్పదలచితిమి.

ఈ పండుగ అచ్చట ఎన్నడును చెక్కుచెదరక వచ్చినదని తలంపరాదు. 1647లో ప్యూరిటనుల ప్రాబల్యము గల పార్లమెంటు క్రిస్మసును పండుగల పట్టికనుండి తొలగించెను. ఆ యేడే కాంటర్బరీ పట్టణమున క్రిస్మసు నాడు దుకాణములు తెరువవలెనని అధికారులు ఆజ్ఞాపింపగా జనులు తిరుగబడిరి. సముద్రమున కావల మాసచూసెట్సు వలసరాజ్యమున, 1659 నుండి 1681 వరకు, క్రిస్మసు చేసికొన్నవారికి 5 షిల్లింగుల జుల్మానా విధించు శాసనము అమలులో నుండెను. స్కాట్లండున 1958 వరకు డిసెంబరు 25 సెలవుదినమే కాదు. అచ్చటివారిలో పలువురు ఆనాడును పనికి పోయి, సంవత్సరాంతమున హాగ్మనే యను ఉత్సవమునకు తమ సంతోషమును దాచుకొనుచుండిరి.

ఆంగ్లదేశమున రాచరికము మరల నెలకొనిన పిదప పండుగయు మరలి వచ్చెను గాని, పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమునాటికి పట్టణములలో అది వెలవెలబోయి యుండెను. భూస్వామి తన విశాలమైన చావడిలో ఊరివారికి విందు చేయుట పాత పద్ధతి. జనులు పల్లెలు విడిచి కర్మాగారముల పట్టణములకు చేరినకొలది వారికి ఆ చావడియు లేదు, ఆ ఊరును లేదు. మిగిలినది కుటుంబ మొక్కటి. ఊరు మోసిన పండుగను ఒక ఇల్లు మోయవలసి వచ్చెను. తరువాతి చిక్కులలో చాలవరకు ఇందుండియే పుట్టినవని మా అభిప్రాయము.

1843వ సంవత్సర మీ విషయమున మిక్కిలి గమనింపదగినది. ఆ డిసెంబరు 19న చార్లెసు డికెన్సు రచించిన 'ఎ క్రిస్మస్ కారల్' అను చిన్న గ్రంథము వెలువడెను. వెల 5 షిల్లింగులు. అచ్చువేసిన 6,000 ప్రతులును పండుగ ముందునాటికే చెల్లిపోయెను. పేద గుమాస్తా యగు బాబ్ క్రాచిట్టు ఇంటిలో పిల్లలందరు కూడి బాతుమాంసమును, పుడ్డింగును ఆరగించు దృశ్యము చదువరుల మనస్సులలో క్రిస్మసన్న నిట్లుండవలె నను ముద్ర వేసెను. పుడ్డింగు సరిగా ఉడికినదో లేదో, గిన్నెనుండి దింపునప్పుడు విరిగిపోవునేమో యని క్రాచిట్టు భార్య పడిన ఆందోళనను గూడ డికెన్సు దాచలేదు. చదువరులు విందును జ్ఞాపకముంచుకొనిరి. ఆ యిల్లాలి గుండెదడను మరచిరి.

ఆ సంవత్సరమే లండనులో హెన్రీ కోలు అను ప్రభుత్వోద్యోగి మరియొక పని చేసెను. 1840లో ఒక్క పెన్నీకి ఉత్తరము పంపు తపాలా పద్ధతి ఏర్పడుటకు తోడ్పడినవారిలో ఆయన యొకడు. తపాలా చౌక యగుటతో వచ్చు ఉత్తరములును హెచ్చెను. పండుగ దినములలో జవాబు వ్రాయకున్న మర్యాద కాదు. వ్రాయుటకు కోలునకు తీరిక లేదు. అందుచే ఆయన తన మిత్రుడగు జాన్ కాల్కాటు హార్స్లీ యను చిత్రకారునిచేత ఒక బొమ్మ వ్రాయించి, దానిక్రింద శుభాకాంక్షలు అచ్చొత్తించి, సుమారు వేయి కార్డులు తయారు చేయించెను. తాను వాడుకొనగా మిగిలినవి షిల్లింగునకు ఒకటి చొప్పున అమ్మకమునకు పెట్టబడెను. ఉత్తరముల బాధనుండి తప్పించుకొనుటకు తీరికలేని మనుష్యుడు పన్నిన ఉపాయ మది.

ఆ ఉపాయమునకు కలిగిన ఫలము చూడుడు. రంగుల అచ్చుపని చౌకయయ్యెను. 1870లో అర పెన్నీకే కార్డు పంపు వీలు కలిగెను. 1880 నాటికి, పండుగ ఉత్తరములను ముందుగానే తపాలాలో వేయవలసినదని అధికారులు ప్రజలను వేడుకొనవలసి వచ్చెను. ఇరువదవ శతాబ్దిలో 1960 ప్రాంతము వరకు ఆంగ్లదేశపు తపాలా జవానులు క్రిస్మసు నాడుగూడ ఇంటింటికి తిరుగుచుండిరి. ఇక ఇంటిలో, నిరుడు కార్డు పంపినవారెవరు, పంపనివారెవరు, ఎవరింట బిడ్డ పుట్టినది, ఎవరు కాలము చేసిరి, మనము మరచినవారినుండి కార్డు వచ్చినచో పండుగలోగా బదులు పంపుటెట్లు అను పద్దు వ్రాసి పెట్టుకొనుట గృహిణి పనియయ్యెను. ఒక మగవాని ఉత్తరముల బాధ తీర్చుటకు పుట్టిన కార్డు లక్షలకొలది ఆడువారికి ఉత్తరముల బాధ తెచ్చిపెట్టినది. మైకేలా డి లియొనార్డో అను అమెరికను మానవశాస్త్రజ్ఞురాలు 1987లో ప్రకటించిన వ్యాసమున ఇట్టి పనులకు 'బంధుత్వపు పని' యని పేరు పెట్టెను. కార్డులు పంపుట, పుట్టినదినములు జ్ఞాపకముంచుకొనుట, విందులకు పిలుచుట మున్నగునవి వట్టి కాలక్షేపములు గావనియు, వానివలననే చుట్టరికములు నిలుచుచున్నవనియు, ఇంట స్త్రీ లేనప్పుడు తరచుగా అవి జరుగకయే పోవుచున్నవనియు ఆమె చూపెను. ఇది సముద్రముల కావలి సంగతి యని మన పురుషులు తప్పించుకొనుటకు వీలు లేదు. తమ పెత్తండ్రి మనుమల పేర్లు భార్య నడుగక చెప్పగలవా రెందరో వారే ఆలోచించుకొందురుగాక.

చెట్టు సంగతి త్వరగా ముగింతుము. ఇంటిలో కొమ్మలుగల పచ్చనిచెట్టు నిలిపి దీపములతో అలంకరించుట జర్మనీ దేశపు ఆచారము. జర్మను రాజకుమార్తె యగు షార్లెట్టు రాణి 1800లో విండ్సరున అట్టి చెట్టును నిలిపెను. 1848లో విక్టోరియా రాణియు, ఆమె భర్త ఆల్బర్టును, పిల్లలును చెట్టుచుట్టు నిలిచియున్న చిత్రము 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పత్రికలో పడినపిమ్మట మధ్యతరగతి గృహములన్నింట చెట్టు వెలసెను. రాలిన సూదులవంటి ఆకులను జనవరి వరకు ఎవరూడ్చవలెనో ఆ చిత్రమున చూపబడలేదు.

పుడ్డింగు విషయము తీరికగా చెప్పదగినది. ఎండుద్రాక్ష, రొట్టెపొడి, పశువుల కొవ్వు, కోడిగ్రుడ్లు, చక్కెర, జాజికాయ మొదలగు సుగంధద్రవ్యములు, కొంచెము బ్రాందీ కలిపి, ముద్దచేసి, గంటలకొలది ఆవిరిపై ఉడికింతురు. అది వారములు గడచినకొలది రుచి యెక్కును. కావున పండుగకు నాలుగైదు వారములు ముందుగ, ఆగమనకాలమునకు ముందు వచ్చు ఆదివారమున దానిని చేయుట వాడుక. ఆనాటి ప్రార్థన 'కదిలింపుము' అను అర్థము గల మాటతో ఆరంభమగుటచే ఆ ఆదివారమునకు కలియబెట్టు ఆదివారమని జనులు పరిహాసముగ పేరు పెట్టిరి. ఇంటిలోని ప్రతివారును, పాలుత్రాగు బిడ్డ చేతికి గూడ గరిటె తగిలించి, తూర్పునుండి పడమరకు ఒక్కొకసారి కలియబెట్టి మనస్సులో ఒక కోరిక కోరుకొందురు. ముద్దలో ఒక వెండినాణెము వేయుదురు. అది యెవరి ముక్కలో వచ్చిన వారికి అదృష్టము. క్రిస్మసు ఆచారములన్నింటిలో ఇదియే తెలివైన ఏర్పాటని మాకు తోచుచున్నది. ఆనాటి పని ముందునకు జరిగినది. బరువైన గరిటెను ఒకే చేయి త్రిప్పవలసిన అగత్యమును తప్పినది. దుకాణములలో సిద్ధముగ దొరకు పుడ్డింగు వచ్చిన పిదప ఈ ఆదివారము అనేక గృహములలో మరుగుపడినది. శ్రమ తగ్గినమాట నిజమే. అయితే ఆ శ్రమలోని పాలివాండ్రును తగ్గిరి.

పండుగనాటి పని అట్లు ముందునకు జరుపుటకు వీలుకానిది. డికెన్సు కాలపు పేదల ఇండ్లలో మాంసము కాల్చు పొయ్యిలే లేవు. గూసు అను పెద్ద బాతును రొట్టెల బట్టీకి పంపి, కొద్దిపాటి కూలి యిచ్చి కాల్పించుకొనుచుండిరి. ఆ బాతు కొనుటకే వేసవినుండి వారము వారము కొన్ని పెన్నీలు 'గూసు క్లబ్బు'లో కట్టుచుండిరి. మన స్త్రీలు నడుపు చీటీల వంటి వీ క్లబ్బులు. రూపము మారినను ఈ పద్ధతి పోలేదు. 2006 అక్టోబరులో బ్రిటనునందు క్రిస్మసు పొదుపులు సేకరించు ఒక పెద్ద సంస్థ పండుగకు రెండు నెలలు ముందుగ కూలిపోగా, లక్షకు పైబడిన వినియోగదారులు ఏడాదిపొడవున కూడబెట్టిన సొమ్ము పోగొట్టుకొనిరి. వారిలో అత్యధికులు చిన్న సంపాదనల కుటుంబములవారు. చాలకాలము తరువాత కొంత భాగము మాత్రమే తిరిగి వారి చేతికి వచ్చెను.

నేటి వంటయింటిలో పొయ్యి యున్నది. కాని ఒక్కటియే యున్నది. ఆరు కిలోల టర్కీ కోడి కాలుటకు మూడు గంటలకు పైబడును. అదే పొయ్యిలో బంగాళాదుంపలు కాలవలెను, అవి వేడివేడిగా నుండవలెను. మాంసము తీసినపిమ్మట కొంతసేపు ఊరకుండనిచ్చి గాని కోయరాదు. పొయ్యిపై పుడ్డింగు రెండు గంటలు తిరిగి ఉడుకవలెను. చిన్న మొలక కోసు కూర అయిదు నిమిషములు ఎక్కువ ఉడికిన కంపు కొట్టును. ఇన్నియు ఒకే నిమిషమున బల్లపైకి రావలెను. ఇది వంట యనుటకంటె రైళ్ళ రాకపోకల పట్టిక వేయుట యనిన చెల్లును. మన వంటలో పులుసు ముందు, కూర తరువాత దింపుకొనవచ్చును. పంక్తి కూర్చున్న పిదప గారెలు వేయించి వడ్డింపవచ్చును. ఆ వెసులుబాటు అచ్చట లేదు. చేతిపనికి సాయపడువారు దొరకుదురు. తలలోని పట్టికకు సాయపడువారే యుండరు. 'నే నేమి చేయవలెను?' అని భర్త యడుగును. ఆ ప్రశ్న మంచిదే గాని, ఏమి చేయవలెనో ఆలోచించి చెప్పుట యనునది ఆమెకు మరియొక పని.

ఈ ఆయాసమునకు కొలత యున్నదా? 1967లో అమెరికాలో థామసు హోమ్సు, రిచర్డు రాహే అను ఇరువురు వైద్యులు మనుష్యుని జీవితమున వచ్చు 43 మార్పులను ఏర్చి, 394 మందిని విచారించి, ఏ మార్పునకు సర్దుకొనుటకు ఎంత ప్రయాస పడవలెనో అంకెలలో నిర్ణయించిరి. జీవితభాగస్వామి మరణమునకు 100, విడాకులకు 73, వివాహమునకు 50. క్రిస్మసును ఆ పట్టికలో చేర్చిరనుటయే విశేషము. దానికి వచ్చినవి 12. దానికంటె తక్కువది ఒక్కటియే: చిన్నచిన్న చట్టోల్లంఘనములు, 11. ఇంతేనా యని యనిపించును. కాని ఆ పట్టికలోనే మరికొన్ని అంశములున్నవి. నిద్రవేళలలో మార్పునకు 16, ఆహారపు అలవాట్ల మార్పునకు 15, కుటుంబ సమావేశముల సంఖ్యలో మార్పునకు 15. ఇవి మూడును పండుగతోనే వచ్చును. కలిపిన 58, అనగా పెండ్లికంటె ఎక్కువ. అత్తవారివైపు చిక్కులకు 29, ఆర్థికస్థితిలో మార్పునకు 38 గూడ కలిపినచో 125 అగును. ఒక యేడాది మొత్తమును లెక్కించుటకు వారు వేసిన అంకెలను మే మిట్లు ఒక వారమునకు కూడుట శాస్త్రరీత్యా సరికాదు. ఉదాహరణమునకు మాత్రమే కూడితిమి. పండుగ తనంతట తాను బరువు గాదని, అది తోడుతెచ్చుకొను సామగ్రియే బరువని ఈ కూడిక తెలుపుచున్నది.

ఆ సామగ్రిలో కానుకలు ముఖ్యమైనవి. 1993లో జోయెలు వాల్డుఫోగెలు అను అర్థశాస్త్రవేత్త తన విద్యార్థులను, మీకు వచ్చిన కానుకల వెల ఎంత యుండును, అవి మీకు ఎంత విలువ యని ప్రశ్నించెను. వెలలో పదవవంతునుండి మూడవవంతు వరకు వ్యర్థమగుచున్నదని ఆయన లెక్కతేల్చెను. దూరపు బంధువు లిచ్చిన కానుకలలో నష్టము హెచ్చు. స్నేహితు లిచ్చినవానిలో తక్కువ. అయితే ఆయన ప్రశ్నలోనే, ఆ వస్తువుపై మమత వలన కలుగు విలువను విడిచి చెప్పవలెనను నిబంధన యున్నది. మామిడిపండునందు తీపి విడిచి తూచిన ఎంత బరువని యడిగినట్లున్నది. ఐనను ఎరుగనివారికై, ఎరుగని వస్తువునకై, చివరి వారమున దుకాణముల వెంట తిరుగు వ్యయప్రయాసలలో చాలభాగము ఎవరికిని సుఖము కలిగించుటలేదను మాట కాదనలేము.

బంధువుల రాక మరియొక సంగతి. మన సంక్రాంతికి కొత్త అల్లుడు వచ్చును; అలుక పాన్పు ఎక్కును; ఏమి చేసిన అలుక తీరునో పెద్దలకు తెలియును. తెలుగింట అలుకకు గూడ ఒక పద్ధతి, ఒక ముగింపు ఉన్నవి. ఆంగ్లదేశమున నీ యేడు ఎవరి తలిదండ్రుల యింటికి పోవలెనను ప్రశ్నయే తగవునకు మొదలు. డిసెంబరు 25న బ్రిటనులో రైళ్ళు నడువవు, మరునాడును అంతంతమాత్రమే. కనుక 24న వచ్చిన చుట్టము రెండు మూడు దినములు కదలుటకు వీలు లేదు. లండనులో ఆ దినములలో నాలుగు గంటలు కాకమునుపే ప్రొద్దు గ్రుంకును. చలి, చీకటి, మూసిన తలుపులు, నిండిన కడుపులు. చిన్ననాటి కక్షలు తలయెత్తుటకు ఇంతకన్న అనుకూలమగు సమయము దొరకదు. తలిదండ్రులు విడిపోయిన యిండ్ల పిల్లలు పండుగను రెండు ముక్కలు చేసికొని రెండిండ్ల మధ్య తిరుగుదురు.

చుట్టములు లేనివారి కష్టము ఇంతకంటె వేరు. ప్రపంచమంతయు కుటుంబము కుటుంబమని పాడుచున్నప్పుడు ఒంటరితనము రెట్టింపై తోచును. ఈ దినములలో ఆత్మహత్యలు హెచ్చునని పలువురి నమ్మకము. లెక్కలు దానిని సమర్థింపవు. అమెరికాలో ఏటి లెక్కలు చూడగా డిసెంబరు తక్కువ సంఖ్యల నెలలలో చేరుచున్నది. ఐనను దుఃఖితులకు మాటలాడు మనుష్యుడు కావలెను. లండనులో చాడ్ వరా అను మతగురువు 1953లో స్థాపించిన 'సమారిటన్లు' అను సంస్థవారు టెలిఫోనువద్ద కూర్చుండి అట్టివారి మాట వినుచున్నారు. వారికి క్రిస్మసు నాడును సెలవు లేదు.

సామగ్రి తగ్గినచో పండుగ తగ్గునా? ఈ ప్రశ్నకు చరిత్రయే ఒకసారి పరీక్ష పెట్టినది. 1940 జనవరినుండి బ్రిటనులో వెన్న, చక్కెర, పందిమాంసములకు రేషను ఏర్పడెను. క్రమముగ తక్కిన పదార్థములకును విస్తరించి, 1954 జూలై వరకు ఏదో యొక రూపమున సాగెను. ఆ కాలమున బి. బి. సి. వారు ప్రతిదినము ప్రొద్దుట 'కిచెన్ ఫ్రంట్' అను అయిదు నిమిషముల ప్రసంగమును గృహిణులకై ప్రసారము చేయుచుండిరి. చక్కెరకు మారుగ కారెట్టు తురిమి పుడ్డింగులో వేయుట, బాదముపిండికి మారుగ సోయాపిండికి బాదము సువాసన కలుపుట, బాతు దొరకనప్పుడు బంగాళాదుంపలను, ఆపిలుపండ్లను పొరలుగ పేర్చి కాల్చి దానికి 'బాతు' అని పేరుపెట్టుట ఆ కాలపు ఉపాయములు. నిజమైన కష్టకాలమది, దానిని పొగడుట మా ఉద్దేశము కాదు. కాని ఆ వేళ ఇంటింట ఒకే కొరత యుండుటచే, ఎదురింటితో పోల్చుకొని క్రుంగవలసిన అవసరము గృహిణికి లేకపోయెను. ఏది లేకున్నను క్షమింపబడునను ధైర్యము ఆమెకు దొరకెను.

మన తెలుగునాట ఈ పండుగ మరియొక తీరున స్థిరపడినది. 1924వ సంవత్సరము క్రిస్మసు నాడే ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయమునకు ఏటేట ఆ దినమున వేలకొలది జనులు వత్తురు. కాని తెలుగు క్రైస్తవుల యిండ్లలో టర్కీ కోడి లేదు, పుడ్డింగు లేదు. గోడలకు సున్నము, వాకిట కాగితపు నక్షత్రము, అందరికి కొత్తబట్టలు, అర్ధరాత్రి పాటలు పాడుచు వచ్చు పడుచువాండ్రకు వేడి తేనీరు, డబ్బాల నిండ అరిసెలు. కొత్తబట్టల అప్పు మన ఇంటి యజమానికి తెలియని బాధ కాదు. అందు మనము ఎవరికిని తీసిపోము. అరిసెల విషయము మాత్రము చూడుడు. బెల్లపు పాకము చూచుటకు అనుభవము గల ఒక పెద్దమ్మ, పిండి పోయుచుండగా కలియబెట్టుటకు ఒకరు, తట్టుటకు ఒకరు, వేయించుటకు ఒకరు, నూనె పోవునట్లు చెక్కలమధ్య ఒత్తుటకు మరియొకరు కావలెను. ఒంటరిగ చేయబూనినచో ఒక చేయి తట్టులోపల పాకము గట్టిపడును. అందుచే ఇరుగుపొరుగు ఆడువారు, ఏ మతమువారైనను, ఈనాడు మీ యింట, రేపు మా యింట అని వంతులు వేసికొందురు. పండుగను ఊరు మోయు పాత పద్ధతి మన యరిసెల పొయ్యి దగ్గర కొంత మిగిలియున్నది. దుకాణపు డబ్బాలు వచ్చిన పిదప అదియును పలుచబడుచున్నది.

రేడియోవారమగుటచే ఒక సంగతి చెప్పక యుండలేము. కేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాల దేవాలయమున 1918 నుండి క్రిస్మసు ముందునాటి అపరాహ్ణమున పాటలతోను, తొమ్మిది పఠనములతోను కూడిన ఆరాధన జరుగుచున్నది. 1928లో మొదటిసారి ప్రసారమైనది. 1930 తప్ప ఆ తరువాత ప్రతియేటను ప్రసారమగుచునే యున్నది. మొదటి కీర్తనలోని మొదటి చరణమును వాద్యము తోడులేక ఒక బాలు డొక్కడే పాడును. ప్రపంచమంతయు వినుచుండును. ఆ బాలుడెవరో ముందుగా చెప్పరు. కొందరు బాలురను సిద్ధపరచి యుంచి, ప్రసారము ఆరంభమగు క్షణమున సంగీత నిర్దేశకుడు ఒకనివైపు చేయి చూపును. ఆ రాత్రియంతయు నిద్రలేక దిగులుపడవలసిన బాధ ఆ పిల్లవానికి గాని వాని తల్లికి గాని ఉండదు.

ఇండ్లలో ఇట్టి ఏర్పాటు చేసికొన్నవారును లేకపోలేదు. ఐర్లండున, ముఖ్యముగ కార్కు, కెర్రీ మండలములలో, జనవరి 6వ తేదీని 'ఆడువారి క్రిస్మసు' అందురు. పన్నెండు దినముల పండుగ ఆనాటితో ముగియును. పండుగంతయు వండి వడ్డించిన ఇల్లాండ్రు ఆ దినమున పొయ్యి ముట్టరు. మగవారే వంటచేసి, గిన్నెలు కడిగి, పిల్లలను చూచుకొందురు. స్త్రీలు ఒకరింటికి మరియొకరు పోయి తేనీరు త్రాగుచు, మిగిలియున్న కేకును పంచుకొనుచు, ప్రొద్దుపోవువరకు కబుర్లు చెప్పుకొందురు. నడుమ కొంతకాలము ఈ వాడుక సన్నగిల్లినను, ఇటీవలి దశాబ్దములలో పట్టణములలో గూడ మరల కనవచ్చుచున్నది. ఆ సాయంకాలము కార్కు నగరపు భోజనశాలలలో బల్లలన్నియు ఆడువారితోనే నిండియుండును.